మనవాడు కన్జర్వేటివ్ ఫెలోషిప్‌కి ఎంపికైతే సంఘం అభినందించాలా?

పొటోమాక్_వాసి:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య కొడుకు ఒక రాష్ట్ర శాసనసభలో రిపబ్లికన్ సభ్యుడి దగ్గర పన్నుల విధానం చూస్తుంటాడు. ఈ మధ్య ఒక కన్జర్వేటివ్ సంస్థ నడిపే లీడర్‌షిప్ ఫెలోషిప్‌కి ఎంపికయ్యాడు. ఉద్యోగం మానక్కర్లేదు. నెలకో వారాంతం సదస్సులు, పెద్దవాళ్లతో పరిచయాలు, చివర్లో ఒక ప్రాజెక్టు. మా ఊరి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ కబురు పెడితే సగం మంది అభినందించారు, సగం మంది "ఇలాంటివి ఇక్కడ పెట్టకండి" అని గొడవకి దిగారు. చివరికి అడ్మిన్ పోస్టే తీసేశాడు. మా వదిన చాలా బాధపడింది. అందుకే అడుగుతున్నాను. భావజాలం చూసి ఎంచుకునే ఫెలోషిప్ ప్రతిభకు గుర్తింపేనా? దాన్ని మనమంతా కలిసి పండగ చేసుకోవచ్చా?

కోనసీమ_కుర్రాడు:
చేసుకోవచ్చండి. అబ్బాయికి నా అభినందనలు.

కృష్ణాతీరం:
ముందు మీ వదినగారికి నా తరఫున శుభాకాంక్షలు చెప్పండి. భావజాలం చూసి ఎంచుకుంటే తప్పేముంది? వాళ్లేమీ దాచలేదు కదా. యూనివర్సిటీలు, పత్రికలు, పెద్ద ఫౌండేషన్లు అవతలివాళ్ల చేతిలో ఉన్నాయి, మన మనుషుల్ని మనమే తయారు చేసుకోవాలని ఇక్కడి కుడిపక్షం 1970ల్లోనే గట్టిగా అనుకుంది. 1973లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే పాలసీ సంస్థ వచ్చింది. 1979లో మోర్టన్ బ్లాక్‌వెల్ లీడర్‌షిప్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు, అదే ఏడాది క్లేర్‌మాంట్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1982లో లా విద్యార్థులు కొందరు ఫెడరలిస్ట్ సొసైటీ పెట్టుకున్నారు. అప్పట్లో అది పిల్లలు నడుపుకునే చర్చా బృందం. 2016లో ట్రంప్ సుప్రీంకోర్టుకి పేర్లు ప్రకటించినప్పుడు ఆ జాబితా వెనక ఉన్నది ఆ సొసైటీకి చెందిన లియొనార్డ్ లియో. అంటే ముప్పై ఏళ్ల పైచిలుకు ఓపిక.

శాసనసభలో చేతులెత్తేది నాయకుడే గానీ, బిల్లు పని చాలావరకు చూసేది అతని వెనక కూర్చున్న కుర్ర స్టాఫరే. అక్కడ మన పిల్లలు లేకపోతే మన గురించి రాసేది ఎవరు? కోడింగ్, మెడిసిన్ తప్ప ఇంకోటి చదవని మన జాతిలో ఒక పిల్లవాడు పాలసీలోకి వెళ్తే ఊరంతా చెప్పుకోవాలి.

పాలమూరు_బిడ్డ:
అన్నా, భావజాలం చూసి ఎంచుకుంటే దాన్ని భావజాల శిక్షణ అనండి. దానికి నేను అడ్డం రాను. ప్రతిభ అనొద్దంటున్నా. వైట్‌హౌస్ ఫెలోస్ అని ఒకటుంది, 1964లో అధ్యక్షుడు జాన్సన్ పెట్టాడు. అక్కడ పార్టీ చూడరు. తర్వాత విదేశాంగ మంత్రి అయిన కోలిన్ పావెల్ నిక్సన్ హయాంలో అందులో ఫెలో. అలాంటిది వస్తే ఎవరైనా చప్పట్లు కొడతారు.

మీరు చెప్పిన క్లేర్‌మాంట్ సంగతి చూడండి. 2019లో ఫెలోషిప్ జాక్ పొసోబియెక్‌కి ఇచ్చారు. వాషింగ్టన్‌లో ఒక పిజ్జా హోటల్లో పిల్లల్ని హింసిస్తున్నారన్న అబద్ధాన్ని ప్రచారం చేసినవాళ్లలో ఆయన ఒకడు. ఆ అబద్ధాన్ని నమ్మి ఒకడు తుపాకీతో ఆ హోటల్లోకి వెళ్లి కాల్చాడు. అలాంటి మనిషిని ఎంపిక చేశాక ఇంక ప్రతిభ మాట ఎక్కడిది?

లెక్కల_మాస్టారు:
అందరూ అసలు విషయం వదిలేస్తున్నారు. ఈ సంస్థలు దాదాపు అన్నీ 501సీ3 కింద, అంటే లాభాపేక్ష లేని సంస్థల పన్ను సెక్షన్ కింద, రిజిస్టర్ అయినవే. దాతకు పన్ను మినహాయింపు వస్తుంది. అంటే ఆ ఖర్చులో కొంత భారం మనందరి మీదా పడుతున్నట్టే. ఎంపిక కొలమానాలు బయట పెట్టమని అడిగే హక్కు మనకుంది.

కృష్ణాతీరం:
మాస్టారూ, 2003లో డెమొక్రాట్ల మనిషి పొడెస్టా పెట్టిన సెంటర్ ఫర్ అమెరికన్ ప్రోగ్రెస్‌కీ అదే మినహాయింపు. అక్కడికీ వెళ్లి అడగండి.

పాలమూరు అమ్మా, ఒక్క పొసోబియెక్ పేరు పట్టుకుని అందర్నీ తూచకండి. పైగా కన్జర్వేటివ్‌లందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఆ పక్కనే ఉండే, స్వేచ్ఛా మార్కెట్ కోరే కేటో సంస్థ వాళ్లు వలసలు పెరగాలని ఏళ్ల తరబడి వాదిస్తున్నారు. ఏ గది తలుపు తట్టాలో తెలుసుకోవడానికే ఈ ఫెలోషిప్‌లు.

లెక్కల_మాస్టారు:
పొడెస్టా సంస్థనీ అడుగుతాను. నేను ఒక పక్షం గురించి చెప్పలేదు. చట్టం గురించి చెప్పాను.

వరంగల్_వాడు:
సోరోస్ ఫెలోషిప్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? డెమొక్రాట్లకి భారీగా విరాళాలిచ్చే జార్జ్ సోరోస్ ఉన్నాడు కదా, ఆయన అన్నగారు పాల్, ఆయన భార్య డెయిజీ పేరు మీద వలస వచ్చినవాళ్లకి, వాళ్ల పిల్లలకి ఇస్తారు. 90 వేల డాలర్ల దాకా వస్తుంది. 2011లో, ఇప్పుడు రిపబ్లికన్ నాయకుడైన వివేక్ రామస్వామికి కూడా వచ్చింది.

పాలమూరు_బిడ్డ:
నేను చెప్పేదీ అదే. "నువ్వు ఏ పక్షం" అని అడగకుండా ఇచ్చారు కాబట్టే రామస్వామికి కూడా దక్కింది. అటువైపు నుంచి అలాంటిది ఒక్కటి చూపించండి.

కృష్ణాతీరం:
చూపించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెబుతాను. మా అమ్మాయి పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేసింది. స్కూల్ వోచర్ల మీద థీసిస్, అంటే ప్రైవేటు స్కూలు ఫీజుకి ప్రభుత్వం డబ్బివ్వడం, కన్జర్వేటివ్‌లు కోరేది. మార్కులన్నీ ఎ గ్రేడే. ఒక ఫెలోషిప్‌కి సిఫారసు లేఖ కావాలని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తే, "నీ పని బాగుంది, కానీ నువ్వు చెప్పేదానికి నా పేరు జత చేయలేను" అన్నారట. ఇంటికొచ్చి గదిలో తలుపేసుకుంది. పార్టీ అడగని ఫెలోషిప్ అంటే ఇలాగే ఉంటుందమ్మా. దరఖాస్తులో అడగరు, లేఖ దగ్గర ఆపేస్తారు. కన్జర్వేటివ్ సంస్థలు ముందే చెప్పి అడుగుతాయి. నాకు అదే నిజాయితీగా అనిపిస్తుంది.

కోనసీమ_కుర్రాడు:
ఇది మాత్రం నిజం. మా క్యాంపస్‌లోనూ చూశాను.

పాలమూరు_బిడ్డ:
మీ అమ్మాయికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ముందే చెప్పి ఏం అడుగుతున్నారో కూడా చెప్పండి. ప్రాజెక్ట్ 2025 అని, రాబోయే కన్జర్వేటివ్ ప్రభుత్వం కోసం వేసిన ప్రణాళికకి హెరిటేజ్ మనుషుల జాబితా తయారు చేసినప్పుడు ఒక ప్రశ్నావళి పెట్టింది. నీకు నచ్చిన నాయకుడెవరు, నీ ఆలోచనను మలిచింది ఎవరు అన్నవి సరే. అందులోనే ఇంకోటుంది: పుట్టిన దేశాన్ని బట్టి వలసదారులను ఎంచుకునే హక్కు అమెరికాకు ఉందంటే ఒప్పుకుంటావా, లేదా? తెలుగు పిల్లవాడు ఆ గడిలో ఏం టిక్కు పెట్టాలి అన్నా?

కృష్ణాతీరం:
అది ఉద్యోగాల డేటాబేస్. ఫెలోషిప్ కాదు. రెండూ కలపకండి.

పాలమూరు_బిడ్డ:
గూడు ఒక్కటే కదా.

కృష్ణాతీరం:
కాదు. వీళ్లబ్బాయి సంస్థ హెరిటేజ్ అని ఎవరైనా అన్నారా?

పొటోమాక్_వాసి:
హెరిటేజ్ కాదండి. వేరే సంస్థ.

లెక్కల_మాస్టారు:
ఆ ప్రశ్నావళి నింపించే ఖర్చు కూడా 501సీ3 ఖాతాలోదే అయితే…

పాలమూరు_బిడ్డ:
మాస్టారూ, ఒక్క నిమిషం ఆగండి.

నా సంగతి నేనూ చెప్తా. గ్రీన్‌కార్డు క్యూలో మా ఆయన ప్రయారిటీ డేట్, అంటే లైన్లో చేరిన తేదీ, 2014. ఇంకా లైన్లోనే ఉన్నాం. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న లెక్క 1990 చట్టంలోది. ఇండియాలో పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నా అదే వాటా. మా బాబు రెండేళ్లప్పుడు ఇక్కడికొచ్చాడు. పోయినేడు 21 నిండాయి. వయసు దాటిందని మా ఫైలు నుంచి పేరు పోయింది. ఇప్పుడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద, పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థి. పోయిన సెప్టెంబరులో, అదే 2025లో, కొత్త హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజన్నారు. రేపు వాడి చదువయ్యాక ఏమవుతుందో అని రోజూ టెన్షన్. ఈ ఆలోచనలన్నీ ఆ గదుల్లోనే పుట్టాయి కదా. ఆ గదిలోకి మనవాడు వెళ్లాడని నేను స్వీట్లు పంచాలా? మీకు సిటిజన్‌షిప్ వచ్చేసింది అన్నా. మీకు అది కెరీర్ లాగా కనిపిస్తుంది.

కృష్ణాతీరం:
నేనూ లైన్లో నిలబడే వచ్చాను. ఎవరూ నాకు ఊరికే ఇవ్వలేదు.

వరంగల్_వాడు:
మీరు వచ్చిన 1996లో లైను ఎంతుందో, ఇప్పుడు ఎంతుందో మీకు తెలియదా సార్? అలా ఎలా అంటారు?

కృష్ణాతీరం:
తెలుసు. నేను చెప్పేది వినండి. 7 శాతం తీసేయాలని సెనేట్‌లో పోరాడింది ఎవరు? యూటా నుంచి మైక్ లీ. పక్కా కన్జర్వేటివ్. 2019 జులైలో ఆ బిల్లు హౌస్‌లో 365-65తో నెగ్గింది. సెనేట్ 2020 డిసెంబరులో తన రూపంలో దాటించింది. రెండు సభలవీ కలవక, గడువు అయిపోయి పోయింది. మైక్ లీ ఆఫీసులో ఆ మాట చెప్పగల మనిషి ఉండాలా వద్దా? ఇంట్లో కూర్చుని తిడితే బాబు పేరు ఫైల్లోకి వస్తుందా?

పాలమూరు_బిడ్డ:
నా బాబు పేరు మీరు ఎత్తకండి.

నిర్వాహకుడు:
పిల్లల సంగతి ఎవరూ వాదనలోకి లాగొద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

కృష్ణాతీరం:
క్షమించమ్మా. అలా అనకూడదు.

డీసీ_తమ్ముడు:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. నేను ఆరేళ్లప్పుడు గుంటూరు నుంచి వచ్చాను. అలాంటి ఫెలోషిప్ ఒకటి పూర్తి చేశాను కాబట్టి లోపల ఎలా ఉంటుందో చెబుతాను.

మొదట వ్యాసాలు, రెండు సిఫారసు లేఖలు, ఫోన్ ఇంటర్వ్యూ. చివరి రౌండు హోటల్లో ఒక మీటింగ్ గదిలో. బల్లకి అటువైపు నలుగురు. నా వ్యాసం ప్రింటు తీసి, అంచుల్లో పెన్సిల్‌తో రాసుకుని కూర్చున్నారు. నేను ఎక్కడ నిర్లక్ష్యంగా వాదించానో సరిగ్గా అక్కడే ఒకాయన గీత గీశాడు. "ఇక్కడ నీ మీద అవతలివాడు ఏమంటాడు? నీకంటే బాగా చెప్పు" అన్నాడు. పది నిమిషాలు దాని మీదే. అది అచ్చంగా ప్రతిభ పరీక్షే.

తర్వాత ఇంకొకావిడ వలసల గురించి అడిగింది. దేశాల కోటా తీసేయాలన్నాను. మా మేనమామ కేసు చెప్పాను. ఒకాయన మొహం మాడ్చుకున్నాడు, ఇంకొకాయన నవ్వాడు. అయినా తీసుకున్నారు. సదస్సుల్లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో రాసిన ఫెడరలిస్ట్ పేపర్లలో పదోది పట్టుకుని మధ్యాహ్నమంతా కొట్టుకున్నాం. అంత చదువు నేను కాలేజీలోనూ చదవలేదు.

కానీ పాలమూరు అక్క చెప్పిందీ నిజమే. అది ప్రతిభ ఒక్కటే చూసే చోటు కాదు. పన్నులు, కోర్టులు, స్కూళ్లు, వీటిలో నా మాట వాళ్ల మాటకి దగ్గరగా ఉంది కాబట్టే వలసల మీద నా మాట ఓర్చుకున్నారు. అన్నిటిలోనూ తేడా ఉంటే గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

లెక్కల_మాస్టారు:
ఈ మాత్రం వివరం వాళ్ల వెబ్‌సైట్లో ఉంటే నేను అడిగేవాణ్ణే కాదు.

పాలమూరు_బిడ్డ:
తమ్ముడూ, నిజం చెప్పినందుకు థ్యాంక్స్. ఒకటడుగుతా, కోపం తెచ్చుకోకు. 2025 అక్టోబరులో కన్జర్వేటివ్ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్ తెల్లజాతి వాదం చెప్పే నిక్ ఫుయెంటెస్‌ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశాడు. 2024లో వాన్స్ ఇండియన్ని చేసుకున్నాడని, కొడుక్కి వివేక్ అని పేరు పెట్టాడని, తెల్లవాళ్ల కోసం ఇతను నిలబడతాడా అని అడిగినవాడే ఆ ఫుయెంటెస్. వాన్స్ భార్య ఉషావాళ్లది మన గోదావరి జిల్లా కుటుంబం. ఆ ఇంటర్వ్యూ తర్వాత హెరిటేజ్ అధ్యక్షుడు కెవిన్ రాబర్ట్స్ కార్ల్‌సన్‌ని వెనకేసుకొస్తూ వీడియో పెట్టాడు. యేల్‌లో లా చదివి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర క్లర్క్‌గా చేసి, ఉపాధ్యక్షుడి భార్య అయిన ఆవిడకే అక్కడ మర్యాద లేదు. నీకు ఉంటుందని ఎట్లా నమ్ముతున్నావు?

కృష్ణాతీరం:
ఆ వీడియో మీద లోపలివాళ్లే తిరగబడ్డారు కదమ్మా. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ రాబర్ట్ జార్జ్ హెరిటేజ్ బోర్డుకే రాజీనామా ఇచ్చాడు. అదే నేను మొదటి నుంచీ చెప్పేది. అది ఒక్క గొంతు కాదు. లోపల కొట్లాట జరుగుతోంది. ఆ కొట్లాటలో మంచివాళ్ల వైపు మనవాడు ఒకడుంటే బలం.

డీసీ_తమ్ముడు:
మర్యాద ఉంటుందని నేను నమ్మట్లేదు అక్కా. రోజూ సంపాదించుకోవాల్సి వస్తోంది. 2024 డిసెంబరులో శ్రీరామ్ కృష్ణన్‌ని వైట్‌హౌస్ సలహాదారుగా ప్రకటించినప్పుడు మన ఇండియన్ల మీద వచ్చిన తిట్లన్నీ చదివాను. నాతో ఫెలోషిప్ చేసినవాళ్లలో ఇద్దరు అవి షేర్ చేశారు. ఒకడు ఫోన్ చేసి, నాకు అండగా ఉంటానన్నాడు. ముగ్గురూ నాకు ఇప్పటికీ పరిచయస్తులే.

పాలమూరు_బిడ్డ:
ఆ ఇద్దరితో ఇంకా మాట్లాడుతున్నావా?

డీసీ_తమ్ముడు:
మాట్లాడుతున్నాను. ఒకడు ఇప్పుడు కమిటీ స్టాఫ్‌లో ఉన్నాడు. కోటా బిల్లు మళ్లీ వస్తే అతని బల్ల మీదకే వస్తుంది.

కోనసీమ_కుర్రాడు:
నావల్ల మాత్రం కాదు.

పాలమూరు_బిడ్డ:
నాకూ చేతకాదు. నిన్ను తప్పు పట్టను తమ్ముడూ, నీది వేరే గుండె. పొటోమాక్ గారూ, మీ అబ్బాయికి నేను విడిగా మెసేజ్ పెడతా. కష్టపడి సాధించాడు, సంతోషమే. కానీ సంఘం పేరు మీద అభినందన వద్దు. ఆ సంఘానికి నేనూ చందా కడుతున్నా. నా చందాతో ఆ గుమ్మానికి తోరణం కట్టొద్దు.

లెక్కల_మాస్టారు:
చట్టపరంగా అయితే 501సీ3 సంఘం ఎన్నికల్లో ఒక అభ్యర్థిని బలపరచకూడదు గానీ, సభ్యుడి కొడుకును అభినందించడానికి అడ్డేమీ లేదు.

పాలమూరు_బిడ్డ:
నేను చట్టం అడగలేదు మాస్టారూ. నా మనసు చెప్పా.

కృష్ణాతీరం:
ఒక్కటి చెప్పమ్మా. ఇదే పిల్లవాడు డెమొక్రాట్ల సంస్థలో ఎంపికైతే సంఘం అభినందించొచ్చా?

పాలమూరు_బిడ్డ:
ఒప్పుకునేదాన్ని.

కృష్ణాతీరం:
2019 అక్టోబరులో సెనేట్‌లో కోటా బిల్లుకు అడ్డుపడింది డర్బిన్. డెమొక్రాట్.

పాలమూరు_బిడ్డ:
తెలుసు అన్నా. ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి మొత్తుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. ఆయన బిల్లు ఆపాడు. నా బిడ్డ ఇక్కడ ఉండకూడదని మాత్రం అనలేదు.