రైలు చప్పుడు నుంచి లూప్ దాకా: మీరేం ప్రయత్నించారు?

టేపు_ప్రియుడు:
1948లో ప్యారిస్ రేడియోలో పనిచేసే పియర్ షెఫర్ బాటిన్యోల్ స్టేషన్‌కి వెళ్లి రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చాడు. ఆ అక్టోబరులో వాటినే సంగీతమని రేడియోలో వినిపించాడు. అప్పటికింకా అతని చేతికి టేపు రాలేదు, పనంతా డిస్కుల మీదే. ముల్లు ఒకే గాడిలో తిరిగేలా చేసి ఒక ముక్కనే మళ్లీ మళ్లీ మోగించేవాడు. ఇవాళ్టి లూప్ అదే కదా! మీలో ఎవరైనా ఇంట్లో, వీధిలో చప్పుళ్లతో ట్రాక్ చేశారా?

ఎడిటింగ్_గది:
నేను డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఎడిటర్‌ని. షెఫర్ గంట మోతలోంచి మొదటి దెబ్బ తీసేసి విన్న ప్రయోగం ఒకటుంది, దాన్ని మా ఊరి గుడి గంటతో చేశాను. ఫోన్‌లో రికార్డు చేసి, దెబ్బ పడిన మొదటి ముక్క కోసేయండి. మిగిలిన మోత వింటే గంట అని ఎవరూ అనరు, ఎక్కడో దూరంగా ఏదో ఊదుతున్నట్టుంటుంది. వాద్యాన్ని చెవి పోల్చుకునేది చాలావరకు ఆ మొదటి క్షణంలోనే. కోసినచోట చిన్న ఫేడ్ పెట్టండి, అంటే చప్పుడు మెల్లగా పెరిగేలా చేయండి, లేదంటే టిక్‌మంటుంది.

బేస్_గిటార్:
షెఫర్‌ని విని పాప్ వాళ్లు నేరుగా మొదలుపెట్టారనుకోవద్దు. మధ్యలో జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌసెన్ ఉన్నాడు. 1952లో షెఫర్ స్టూడియోలో పనిచేసింది ఆయనే. ఆయన టేపు సంగీతం బీటిల్స్ బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్‌నీకి బాగా నచ్చింది. 1966లో బీటిల్స్ పాట 'టుమారో నెవర్ నోస్'కి మెకార్ట్‌నీ ఇంట్లో చేసుకొచ్చిన టేపు లూపులు (రెండు కొసలూ అతికించిన టేపు ముక్కలు) వాడారు. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో టేపు మెషీన్ల దగ్గర మనుషులు నిలబడి, లూపులు జారిపోకుండా పెన్సిళ్లతో పట్టుకున్నారు. మరుసటి ఏడు వాళ్ల 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ కవర్ మీద స్టాక్‌హౌసెన్ బొమ్మ కూడా వేశారు.

వింటూనే_ఉంటా:
డీలియా డెర్బీషైర్‌ని మర్చిపోకండి! 1963లో బీబీసీ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ' ట్యూన్ రాసింది రాన్ గ్రెయినర్, దానికి ప్రాణం పోసింది ఆవిడ. ఒక తీగ మీటి రికార్డు చేసి, స్పీడు మార్చి ఒక్కో స్వరం తయారుచేసి, టేపు ముక్కలు కోసి అతికించింది. గ్రెయినర్ రాయల్టీలో వాటా ఇద్దామన్నా బీబీసీ ఒప్పుకోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

కుట్టుమిషను:
నేను మా అమ్మ కుట్టుమిషను చప్పుడు లూప్ చేశాను. మొదట బీట్ కుదిరేది కాదు, తొక్కుడు వేగం మారుతూ ఉంటుంది కదా. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ పాట 'మనీ' (1973) గురించి చదివాక దారి దొరికింది. నాణేలు, కాగితం చింపడం, క్యాష్ రిజిస్టర్, ఇలా ఒక్కో చప్పుడు ఉన్న టేపు ముక్కని స్కేలుతో కొలిచి సమానంగా కోశారట. నేనూ ఒక్కో కుట్టు విడిగా కోసి, సమాన దూరంలో పేర్చాను. ఇప్పుడు తాళం నిలబడింది.

టేపు_ప్రియుడు:
@కుట్టుమిషను, మరీ సమానంగా పేరిస్తే తొక్కే మనిషి మాయమైపోతుందేమో. నాలుగో దెబ్బని కొంచెం వెనక్కి జరిపి చూడండి. రెండు రకాలూ ఇక్కడ పెట్టండి, విందాం.