ఏడిపించిందే మంచి క్వీర్ ప్రేమకథా? విషాదాంతమని ముందే చెప్పేయాలా?

అట్టవెనక:
ఇద్దరబ్బాయిల మధ్యో ఇద్దరమ్మాయిల మధ్యో నడిచే క్వీర్ ప్రేమ నవలల మీద పాఠకుల అభిప్రాయాలు చదువుతుంటే ఒకే మాట పదేపదే కనబడుతోంది: "వెక్కివెక్కి ఏడ్చాను, అందుకే ఐదు నక్షత్రాలు." ఏడుపు మీద నాకు అభ్యంతరం లేదు. ఆ "అందుకే" మీదే ఉంది. జంటలో ఒకరిని చంపేస్తే కన్నీళ్ళు ఎలాగూ వస్తాయి, దానికి పెద్ద నేర్పు అక్కర్లేదు.

నా వాదన ఇది: విషాదాంతమైన ప్రతి క్వీర్ నవల సమీక్షలోనూ మొదటి వాక్యంలోనే ఆ సంగతి చెప్పేయాలి. తమ సంగతి ఇంకా ఎవరికీ చెప్పుకోని పదహారేళ్ళవాళ్ళు ఇలాంటి పుస్తకం తెరిచేది కథ కోసమే కాదు, తమలాంటివాళ్ళు చివరిదాకా బతికుంటారా అని చూసుకోడానికి కూడా. మీరేమంటారు?

రెండోపఠనం:
నేను ఒప్పుకోను. ఎదిగే వయసు నవలలో అసలు దెబ్బ చివరి అధ్యాయంలో తగలదు. ఇలాంటి సన్నివేశం ఒకటి అనుకోండి. ఇద్దరమ్మాయిలు ఒకే పాఠ్యపుస్తకం మీద వంగి చదువుతున్నారు, మోచేతులు ఆనుకుని ఉన్నాయి. వరండాలో చెప్పుల చప్పుడు. ఒకమ్మాయి మోచెయ్యి వెనక్కి తీసుకుని, ఇంకా చదవని పేజీ తిప్పేస్తుంది. తర్వాతి నాలుగు వాక్యాలూ పాఠం గురించే.

పాఠకుల గొంతు పట్టేసేది ఆ పేజీ దగ్గర. భయం అన్న మాట ఎక్కడా లేదు, దాన్ని వాళ్ళే పూరించుకున్నారు. అక్కడే "ఆమె గుండె భయంతో దడదడలాడింది" అని ఒక్క వాక్యం చేర్చి చూడండి, చదివేవాళ్ళకు చేయడానికి పనేమీ మిగలదు. రాతప్రతులు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఇంత సున్నితంగా అల్లిన పుస్తకానికి "ఒకరు చనిపోతారు" అని బోర్డు తగిలిస్తే, ప్రతి దగ్గులోనూ చావునే వెతుక్కుంటూ చదువుతారు. ఆ మోచెయ్యి ఎవరికీ కనబడదు.

కాలరేఖ:
ఈ విషాదాంతాలు ఎక్కడినుంచి వచ్చాయో చూడకుండా తేల్చే ప్రశ్న కాదిది. 1952లో అమెరికాలో ఇద్దరు స్త్రీల ప్రేమ మీద రెండు నవలలు వచ్చాయి. 'స్ప్రింగ్ ఫైర్' రాసిన మారిజేన్ మీకర్‌కు ప్రచురణకర్త ముందే షరతు పెట్టాడు: సుఖాంతం కుదరదు, అశ్లీలమని తపాలా శాఖ పుస్తకాలు పట్టేసుకుంటుంది అని. అందుకే అందులో ఒకమ్మాయి మానసిక ఆసుపత్రికి చేరుతుంది, రెండో అమ్మాయి తనది ప్రేమే కాదనుకుంటుంది. అదే ఏడాది పట్రీషియా హైస్మిత్ మారుపేరుతో 'ద ప్రైస్ ఆఫ్ సాల్ట్' తెచ్చింది. అందులో ఇద్దరూ బతికే ఉంటారు, కలిసి బతకవచ్చన్న ఆశ కూడా మిగులుతుంది. దానికి పాఠకుల ఉత్తరాలు వెల్లువెత్తాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్స్టర్ మగవాళ్ళ మధ్య ప్రేమ మీద రాసిన 'మారిస్' నవలను 1914లో పూర్తిచేశాడు. అచ్చయింది 1971లో, ఆయన పోయాక. సుఖాంతం తప్పనిసరి అనుకునే రాశానని, విషాదంగా ముగించి ఉంటే అచ్చుకు అంత ఇబ్బంది ఉండేది కాదని 1960 నాటి తన వివరణలో ఆయనే రాసుకున్నాడు. అంటే చాలాకాలం ఈ ప్రేమ అచ్చులోకి రావాలంటే కట్టాల్సిన సుంకం చావు. ఆ సుంకాన్ని కళగా పొగిడేటప్పుడు కాస్త ఆగాలి.

సగంపేజీ:
రెండోపఠనం గారూ, మీ మోచెయ్యి సన్నివేశమే మీ వాదనను ఓడిస్తోంది. ముగింపు తెలిసి రెండోసారి చదివితే ఆ పేజీ ఇంకా గట్టిగా పట్టుకోదా? 2011లో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు కొన్ని చిన్న కథల ముగింపు ముందే చెప్పి చదివించారు. ముందే తెలిసినవాళ్ళు మొత్తం మీద కాస్త ఎక్కువే ఇష్టపడ్డారు.

రెండోపఠనం:
అవి చిన్న కథలు. ఒక్క కూర్చోవడంలో అయిపోయేవి. వారం రోజులు ఒక పాత్రతో బతికి, ఆ పాత్ర ఇంట్లో ఎప్పుడు చెబుతుందా అని ఎదురుచూసే నవలకు ఆ ఫలితం యథాతథంగా అతికించకూడదు. రెండోసారి సంగతి మాత్రం నిజమే, కాదనను.

మార్జిన్‌గీతలు:
మీ చర్చంతా విషాదాంతం చుట్టూనే తిరుగుతోంది. ఈ సాహిత్యంలో నాకు బాగా ముఖ్యమనిపించే ఏడుపు ఇంకొకటి ఉంది. పదిహేనేళ్ళ ఇద్దరు పిల్లలు చేయి పట్టుకుని నడిచి, ఎవరూ చావకుండా, ఎవరూ గెంటేయకుండా ముగిసే తీపి కథ చదివి నలభై దాటిన పాఠకులు కుమిలిపోతారు. అది కథలో లేని దుఃఖం. తమకు దక్కని ఆ వయసు కోసం. ఏ హెచ్చరికా దాన్ని పట్టుకోలేదు, పట్టుకోవాల్సిన పనీ లేదు.

అలాగే ఒకే పేజీ మీద ఇద్దరు ఏడ్చినా అది ఒకే ఏడుపు కాదు. "అయ్యో పాపం, వాళ్ళ బతుకు" అన్నది ఒకటి, "ఇది నేనే" అన్నది ఇంకొకటి. అమెరికాలో పిల్లల సాహిత్య పరిశోధకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో పిల్లల పుస్తకాలను ఇతరుల బతుకు చూపే కిటికీలతో, మనల్నే చూపే అద్దాలతో పోల్చింది. నల్లజాతి పిల్లలను దృష్టిలో పెట్టుకుని అన్న మాట, ఇక్కడా సరిగ్గా సరిపోతుంది. జాలి మాత్రమే పుట్టించే నవల కిటికీగా బాగానే ఉంటుంది కానీ, అందులో అద్దం వెతుక్కున్నవాళ్ళకు తమ శవం కనబడుతుంది. సమీక్ష రాసేవాళ్ళు తమది ఏ ఏడుపో ఒక్క మాటలో చెబితే ఐదు నక్షత్రాల కంటే ఎక్కువ ఉపయోగం.

కాలరేఖ:
ఏ చావు కథలోంచి వచ్చింది, ఏది అలవాటుగా వచ్చింది అని పట్టుకోడానికి ఒక పద్ధతి. మొదటి ముద్దుకూ చావుకూ మధ్య ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టండి. మరీ దగ్గరగా ఉంటే, ప్రమాదమని రాసినా అది శిక్షలాగే చదువుకుంటుంది. తర్వాత ఆ జంట స్థానంలో ఒక అబ్బాయినీ అమ్మాయినీ ఊహించుకోండి. అప్పుడు ఆ చావుకు కారణమే లేకుండా పోతే రెండు అవకాశాలు: రచయిత నిజంగా వివక్ష గురించి రాశాడు, లేదా ముగింపు దొరక్క చంపేశాడు. తేడా తెలియాలంటే చంపినవాళ్ళను చూడండి. ఇల్లు, బడి, చుట్టూ ఉన్న మనుషులు మొదటి నుంచీ పేరూ ముఖమూ ఉన్న పాత్రలైతే మొదటిది. చివర్లో ఎక్కడినుంచో ఒక లారీ వస్తే రెండోది.

అట్టవెనక:
మార్జిన్‌గీతలు గారి మాట తర్వాత నా "మొదటి వాక్యం" పట్టుదల వదులుకుంటున్నాను. హెచ్చరిక అసలే వద్దంటే మాత్రం ఒప్పుకోను. సమీక్ష చివర, విడిగా, కావాలనుకున్నవాళ్ళే తెరిచి చూసేలా ఇలా ఉంటే చాలు: "ఒక ముఖ్య పాత్ర మరణం ఉంది. ఇంట్లో కొట్టే సన్నివేశాలు రెండు అధ్యాయాల్లో. ఆత్మహత్య ప్రస్తావన ఉంది, వర్ణన లేదు." ఎవరు పోతారో చెప్పక్కర్లేదు. ఇంకోటి, హెచ్చరికల జాబితాలో "స్వలింగ ప్రేమ" అని చేర్చడం కొందరికి అలవాటు. అది తీసేయాలి. హింసా మరణమూ ఉన్న వరసలో ప్రేమను కూర్చోబెడితే, ఆ జాబితా చదివే పిల్లలకు మొదటి దెబ్బ మనమే కొట్టినట్టు.

సగంపేజీ:
అచ్చు పుస్తకానికైతే అది లోపలి పేజీలో ఉండాలి, అట్ట మీద వద్దు. ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళేది ఇంకా ఎవరికీ చెప్పుకోని ఆ పదహారేళ్ళవాళ్ళే. సంచి తెరిచేది వాళ్ళొక్కరే కాకపోవచ్చు.