డిస్కౌంట్ మార్ట్‌లో కొంటే తప్పా? అనంతపురం, కర్నూలు, కడప వాళ్లు చెప్పండి

పాతూరు_వంటిల్లు (అనంతపురం): నెల సరుకంతా మార్ట్‌లో తెస్తే వీధి చివర అంగడి మూతపడుతుందని ఒక మాట. లేనోళ్లకు నాలుగు రూపాయలు మిగిలితే తప్పేముందని ఇంకో మాట. ఏ సరుకు యాడ కొంటే ఎవరికి దెబ్బో లెక్కలతో చెప్పండి.

కడప_లెక్క: ముందు ఆ చవక ఎక్కడ్నుంచి వస్తుందో చూడాల. సబ్బు, పేస్టు లాంటి కంపెనీ సరుకు మీద చిన్న అంగడికి మిగిలేది ఎమ్మార్పీలో సుమారు 8 నుంచి 12 శాతం. బాడుగ, కరెంటు, మొండి బాకీలు అందులోనే. మార్ట్ లారీల లెక్కన కొని, డబ్బు తొందరగా కట్టి, అదనపు తగ్గింపు తీసుకుంటుంది. ఇందులో అన్యాయం లేదు.

చిన్న మిల్లుకు రావాల్సిన డబ్బు నెలల తరబడి ఆపి తెచ్చే చవక మాత్రం వేరు. ఉద్యంలో (చిన్న పరిశ్రమలకు కేంద్రం పెట్టిన రిజిస్ట్రేషన్) నమోదైన చిన్న తయారీదారుకు, 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు కట్టాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు రాదనే భయంతో చాలామంది నోరెత్తరు. మనకు ఇది బిల్లులో కనబడదు. అందుకే ఊళ్లో మిల్లు ఉంటే నూనె నేరుగా అక్కడే తెచ్చుకోండి.

గానుగ_నూనె (అనంతపురం): నూనె దగ్గరే ఎక్కువ మోసపోతాం. లీటరు చెనిక్కాయల నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కపక్కనే ఒకే సైజు కనిపించే రెండు ప్యాకెట్లు ఉంటాయి. 850 గ్రాములది 160 రూపాయలు, 910 గ్రాములది 168 అనుకోండి. మొదటిది కిలో 188 పైనే పడుతుంది, రెండోది 185 కూడా పడదు. ఆఫర్ బోర్డు మొదటిదానికే ఉంటుంది. ప్యాకెట్ వెనక 'యూనిట్ సేల్ ప్రైస్' (కొలత లెక్కన ధర) అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండూ పోల్చేటప్పుడు అది చూడండి. అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క, కాబట్టి తగ్గింపు ధరకు మళ్లీ మనమే భాగించుకోవాల.

సి_క్యాంప్ (కర్నూలు): ఎర్రగడ్డలు, టమాటాలకు మార్ట్ ఎందుకు? రైతుబజార్లు 1999 నుంచి ఉన్నాయి. ఆ పొద్దు ధర బోర్డు మీద రాసుంటుంది, డబ్బు రైతు చేతికే పోతుంది.

కౌంటర్_వెనక (కడప): లోపల పనిచేసే పిల్లల గురించి ఎవరూ రాయలేదు. పనీర్ ప్యాకెట్ వద్దనుకుని బిస్కెట్ల అరలో పెట్టి పోతే అది చెడిపోతుంది, మాట పడేది ఆ అర చూసుకునే అమ్మాయి. వద్దనుకున్నది కౌంటర్లో ఇచ్చేయండి. పోయిన సరుకు ఖరీదు జీతంలో కోయాలంటే ఆ నష్టం ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే అని తేల్చాలి, ముందు వాళ్ల మాట వినాలి. అందరికీ పంచి కోయడం కుదరదు. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ తమిళనాడు 2021లో చట్టం సవరించింది. మన దగ్గర కౌంటర్లో స్టూలు లేకుంటే మేనేజరును అడగండి. పది మంది అడిగితే వస్తుంది.

ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు అంటే ఒప్పుకోవద్దు. రేటు అరలో ఒకటి, బిల్లులో ఒకటి ఉంటే అక్కడే చూపించండి, వినకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఖాతా_పుస్తకం (కర్నూలు): నాకు తప్పనిపించేది ఒకటే. జీతం పడిన వారం రొక్కం మార్ట్‌లో పోసి, 20వ తేదీ దాటినాక అంగడికి అరువుకు పోవడం. అంగడాయన హోల్‌సేల్ దగ్గర సరుకు తెచ్చేది వారం, పది రోజుల గడువుకు. మన ఖాతా నెల దాటితే ఆ వడ్డీ ఆయన మీదే పడుతుంది. అరువు వాడుకునే ఇల్లు రొక్కంలోనూ సగమైనా అక్కడే పెట్టాల.

పాతూరు_వంటిల్లు: అయితే మార్ట్ రేటు చూపించి అంగడాయన్ను తగ్గించమని అడగొచ్చా?

ఖాతా_పుస్తకం: సబ్బుకు, షాంపూకు అడగొద్దు, ఆయన కొనే ధరే ఎక్కువ. కందిబ్యాళ్లు, బియ్యానికి అడగండి. మార్ట్ లేబుల్ ప్యాకెట్ మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, మూటలోంచి విడిగా తూచి ఇస్తే ఉండదు. 25 కిలోలు దాటిన మూటకూ లేదు, 26 కిలోల బియ్యం మూటలు వచ్చింది అందుకే. రెండిళ్లు కలిసి ఒక మూట రొక్కానికి తీసుకుంటామంటే ఆయనే తగ్గించి ఇస్తాడు.