షాఫ్ట్ బలం సరిపోతోంది, వంపే ఎక్కువగా ఉంది. ఏం చేయాలి?

పిండిమిల్లుకి లైన్ షాఫ్ట్ (మోటారు శక్తిని బెల్టుతో యంత్రానికి అందించే పొడవాటి ఇరుసు) డిజైన్ చేస్తున్నాను. మోటారు 5 హెచ్‌పీ, షాఫ్ట్ వేగం 400 ఆర్‌పీఎం, టార్క్ దాదాపు 89 న్యూటన్ మీటర్లు. రెండు బేరింగుల మధ్య 1.2 మీటర్లు, సరిగ్గా మధ్యలో పుల్లీ, బెల్ట్ లాగుడు 1200 న్యూటన్లు.

ఈఎన్8లో (మామూలు మీడియం కార్బన్ స్టీలు) 30 మి.మీ. వ్యాసం తీసుకుంటే బెండింగ్ స్ట్రెస్ 136 ఎంపీఏ. కీవే (పుల్లీ కీ కూర్చోడానికి షాఫ్ట్‌లో చెక్కే గాడి) సంగతి ఇంకా చూడలేదు గానీ, ఇప్పటికిప్పుడు విరిగేలా లేదు. వంపు మాత్రం మధ్యలో 5 మి.మీ. దాటుతోంది! టర్నర్ ఏమో ఈఎన్24 (ఇంకా బలమైన అల్లాయ్ స్టీలు) వేయమంటున్నాడు. ఏ స్టీలుకైనా ఇలాస్టిక్ మాడ్యులస్ (వంగకుండా నిలిచే బిగువు) ఇంచుమించు ఒకటే కదా, వంపెలా తగ్గుతుంది?

45 మి.మీ.కి పెంచితే వంపు 1 మి.మీ.కి, బేరింగ్ దగ్గర స్లోప్ (షాఫ్ట్ వాలే కోణం) 0.0026 రేడియన్లకి వస్తున్నాయి. దీనికి మామూలు బాల్ బేరింగ్ చాలా, సెల్ఫ్ అలైనింగ్ (షాఫ్ట్ కాస్త వాలినా సర్దుకునేది) వేయాలా? లేక 30లోనే ఉండి పుల్లీ పక్కన మూడో బేరింగ్ పెట్టడం మేలా? మూడూ ఒకే లైన్లో కూర్చోవేమోనని నా టెన్షన్. చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.