ఒంటరుల స్నేహాన్ని ఇంత నిదానంగా చూపిన సినిమాలు ఇంకేమున్నాయి?

2003లో వచ్చిన ‘ది స్టేషన్ ఏజెంట్’ అనే అమెరికన్ ఇండిపెండెంట్ సినిమాను ఈమధ్యే రెండోసారి చూశాను; అటువంటివి మరికొన్ని సూచించగలరా? దర్శకుడిగా టామ్ మెకార్తీకి తొలి చిత్రమైన దీనిలో, మరుగుజ్జుతనం వల్ల ఎక్కడికి వెళ్లినా జనం చూపులు భరించవలసివచ్చే ఫిన్ (పీటర్ డింక్లేజ్), మిత్రుడి మరణంతో తనకు దక్కిన పాత రైల్వే డిపోకు, ఎవరూ పలకరించరన్న ఆశతోనే మకాం మారుస్తాడు. తండ్రి జబ్బుపడటంతో ఆయన కాఫీ, తినుబండారాల బండి నడుపుతున్న వాగుడుకాయ జో, కొడుకును పోగొట్టుకున్న దిగులులో ఫిన్‌ను కారుతో రెండుసార్లు గుద్దబోయిన ఒలీవియా అతనికి తోడవుతారు. పట్టాల వెంట వాళ్లు ఊరికే నడిచే దృశ్యాల్లో పెద్దగా మాటలుండవు, స్నేహం మాత్రం కుదురుకుంటుంది.

నాకు కావలసింది ఆ నిదానమే. ఎవరికీ పట్టనివాళ్లంతా చివర్లో ఏదో పోటీ గెలిచి లోకం మెప్పు పొందే కథలు అక్కర్లేదు (అవి చాలానే చూశాను). స్నేహం ప్రేమగా మారకుండా స్నేహంగానే మిగిలే చిత్రాలు ఏ భాషవైనా ఫరవాలేదు, సబ్‌టైటిళ్లు ఉంటే చాలు. పేరుతోపాటు, ముగింపు బయటపెట్టకుండా, మీకు గుర్తుండిపోయిన ఒక్క సన్నివేశం గురించి రాస్తే ఎంచుకోవడం సులువవుతుంది.