కాశీలో తొమ్మిది నిద్రలు: రెండు రోజుల్లో గుళ్లన్నీ చూసేస్తే మిగతా వారం ఏం చేయాలి?

మియాపూర్ అమ్మాయి:

అందరికీ నమస్కారం. కార్తీకంలో అమ్మనీ పెద్దమ్మనీ కాశీ తీసుకెళ్తున్నాను. ఇద్దరూ అరవై దాటినవాళ్లే, పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు కూడా. అయినా తొమ్మిది నిద్రలు చేసి తీరాల్సిందే అంటున్నారు. సెలవు దొరికింది, నా టెన్షన్ అది కాదు. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, ఒక సాయంత్రం గంగాహారతి. ఇవన్నీ రెండు రోజుల పని కదా? మిగతా రోజుల్లో గయ, ప్రయాగ, అయోధ్య చూపించేస్తామని ట్రావెల్స్ వాళ్లు అంటున్నారు. అలా వెళ్లొస్తే నిద్రల లెక్క తప్పుతుందా?

ఇంకో సందేహం. "కాశీలో రెండొందల యాభై ఏళ్లకు మించిన గుడి ఒక్కటీ లేదు, అంతా కొత్తదే" అని ఆఫీసులో ఒకాయన తేల్చేశాడు. నిజమేనా? మరి ప్రాచీన నగరం అంటే ఏం చూడాలి?

పాండేహవేలీ పాతకాపు:

అమ్మా, ఉద్యోగరీత్యా కాశీలో చాలా కాలం కాపురమున్నాను, పాండే హవేలీ దగ్గర, తిలభాండేశ్వరుడి గుడికి నాలుగడుగుల దూరంలో. ముందు నిద్రల సంగతి చెబుతాను. తల్లి కడుపులో గడిపిన తొమ్మిది నెలలకు తొమ్మిది రాత్రులు. ఇక మళ్లీ గర్భవాసం ఉండకూడదని. ఈ పట్టింపు ఎక్కువగా మనవాళ్లదే. మా పక్కింటి బనారసీ ముసలాయన "మేం పుట్టిందగ్గర్నుంచీ ఇక్కడే పడుకుంటున్నాం, మా లెక్కేంటి?" అని నవ్వేవాడు. తొమ్మిది రాత్రులూ వరుణా నదికీ అస్సీకీ మధ్య, గంగకు ఈవలి ఒడ్డునే గడపాలి. కాబట్టి గయ, ప్రయాగ ముందో వెనకో పెట్టుకోండి, మధ్యలో వద్దు. ట్రావెల్స్ వాళ్లకి బండి తిరిగితేనే డబ్బులు, వాళ్ల మాట వినకండి.

మీ ఆఫీసాయన మాట ముప్పాతిక నిజం. 1194లో ఘోరీ సైన్యం కాశీని కొల్లగొట్టింది. అక్బరు కాలంలో నారాయణ భట్టు అనే పండితుడు, అక్బరు మంత్రి తోడర్ మల్ సాయంతో కట్టించిన విశ్వేశ్వరాలయాన్ని ఔరంగజేబు 1669లో పడగొట్టించాడు. ఇప్పుడు మనం దండం పెట్టుకునే గుడి 1780 ప్రాంతంలో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. శిఖరాల మీది బంగారం పంజాబు మహారాజు రంజిత్ సింగ్ ఇచ్చాడు. గంగ దాకా ఉన్న పెద్ద ఆవరణ అయితే మొన్న మొన్నటిది, 2021 డిసెంబరులో తెరిచారు. నేనెరిగిన లాహోరీ టోలా అనే పాత పేట ఇళ్లు అందులో కలిసిపోయాయి. మీ పెద్దమ్మగారికి నడక సుఖమే, నాకు మాత్రం ఆ ఇరుకు సందులే కళ్లలో మెదులుతాయి. ఘాట్ల రాతిమెట్లు కూడా చాలావరకు 18వ శతాబ్దంలో మరాఠాల చలవే.

నిజంగా పాత కట్టడం కావాలంటే బీహెచ్‌యూ (బనారస్ హిందూ విశ్వవిద్యాలయం) దాటాక కంద్వాలో కర్దమేశ్వరాలయం ఉంది. కాశీ చుట్టూ ప్రదక్షిణగా చేసే పంచక్రోశీ యాత్రలో మొదటి మజిలీ అదే. మొగలాయిలకు ముందు కట్టిన గుడి, ఇప్పటికీ నిలిచి ఉంది. ఆటోలో వెళ్లొచ్చు, పెద్దగా జనం ఉండరు. అయినా కాశీలో రాళ్ల వయసు లెక్కపెడితే ఏమొస్తుంది? గుడి పోయిన ప్రతిసారీ జనం ఆ చోటునే వెతుక్కుంటూ వచ్చారు. మణికర్ణికలో మునగడం, సంకల్పం చెప్పుకోవడం, వరసగా దేవతల్ని చూసుకుంటూ తిరగడం, చివర్లో సాక్షి వినాయకుడికి "వచ్చి వెళ్తున్నాను" అని చెప్పుకోవడం. ఈ నడకే అక్కడ పాతది. అందుకే తొమ్మిది రోజులు కావాలి.

పొద్దున్నే కేదార్ ఘాట్‌కి వెళ్లండి. గౌరీ కేదారేశ్వరుడికి గల్లీ వైపు నుంచీ వాకిలి ఉంది, మెట్లెక్కే పని ఉండదు. లింగం నున్నగా ఉండదు. కిచిడీ ముద్ద రాయైపోయినట్టుంటుంది, నడుమ ఒక గీత. రోజూ సగం అతిథికి పెట్టాకే తినే భక్తుడి కిచిడీయే అలా లింగమైందని అక్కడివాళ్ల కథ. కాస్త పక్కనే మన విజయనగరం రాజుల ఘాట్. ఆ చుట్టుపక్కల పడవవాళ్లు కూడా తెలుగులోనే పిలుస్తారు. మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమం, మిగతా సత్రాలూ ఉన్నాయి. గదులకి ఇప్పట్నుంచే ప్రయత్నించండి.

ద్రాక్షారామం అబ్బాయి:

మా ఊరి మాట ఒకటి చెప్పకపోతే ఎలా! కాశీలో వ్యాసుడికి కొన్ని రోజుల పాటు భిక్ష దొరకలేదు. శిష్యులంతా పస్తులు. కోపమొచ్చి "కాశీవాసులకు మూడు తరాల దాకా చదువు, ధనం, ముక్తి లేకుండా పోవుగాక" అని శపించబోయాడు. అంతలో ఒక పెద్ద ముత్తయిదువు ఇంటికి పిలిచి అందరికీ అన్నం పెట్టింది. ఆవిడే అమ్మవారు. తిన్నాక శివుడు మాత్రం "నువ్విక్కడ ఉండటానికి వీల్లేదు, పో" అన్నాడు. అలా కాశీ నుంచి వెళ్లగొడితే వ్యాసుడు చేరుకున్నది మా భీమేశ్వరుడి దగ్గరికే. శ్రీనాథుడు కాశీఖండంలోనూ భీమఖండంలోనూ చెప్పాడిది. ఆకలి కడుపుతో కోప్పడినందుకు అంత శిక్షా అని చిన్నప్పుడు మా తాతయ్యతో వాదించేవాణ్ణి.

గంగకి అవతల రామనగర్ వైపు వ్యాసకాశీ ఉంది. అక్కడ పోతే గాడిద జన్మ అని అక్కడివాళ్లు అంటారు. చూసి రండి, రాత్రి మాత్రం ఉండకండి :)

బెంగళూరు బుజ్జి:

పాతకాపు గారి మాటకి చిన్న సవరణ. మా అత్తగారు నిద్రలు చేసినప్పుడు మా పురోహితుడు "రాత్రి పడక కాశీలో ఉంటే చాలు, పగలు వరుణ దాటినా దోషం లేదు" అన్నారు. మేం సారనాథ్ వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం, పది కిలోమీటర్లే. బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన చోటు అంత దగ్గరలో పెట్టుకుని చూడకుండా రావడమేంటి?

వారాహి అమ్మవారి దర్శనం తెల్లవారుజామునే. గుడి నేలమాళిగలో ఉంటుంది, పైనుంచి నేలలోని కంతల్లోంచి చూడాలి. ఎండెక్కాక వెళ్తే మూసేసిన తలుపులే.

మియాపూర్ అమ్మాయి:

అందరికీ థాంక్స్. పాతకాపు బాబాయ్ గారూ, మేం కార్తీక పౌర్ణమి అయ్యాక బయల్దేరదామనుకున్నాం, రద్దీ తగ్గుతుందని. పర్లేదా? కాశీలో ఏదో ఒకటి వదిలేయాలంటారు కదా, అమ్మ కాకరకాయ వదిలేస్తానంటోంది. ఆవిడ ఎలాగూ తినదు!

పాండేహవేలీ పాతకాపు:

ఇది ముందే అడిగారు, మంచిదైంది. అక్కడి కార్తీకం మనదానికంటే పక్షం రోజులు ముందే మొదలవుతుంది, పౌర్ణమితో అయిపోతుంది. మీరు దిగేసరికి అక్కడ మార్గశిరం. పంచగంగా ఘాట్‌లో పితృదేవతల కోసం వెదురు గడల చివర బుట్టల్లో పెట్టి పైకి లాగే ఆకాశదీపాలు అప్పటికి తీసేస్తారు. దీపావళి ముందు ధన్‌తేరస్ నుంచి దీపావళి దాటాక వచ్చే అన్నకూట్ పండుగ దాకా బంగారు అన్నపూర్ణ విగ్రహ దర్శనం ఉంటుంది, అదీ దాటిపోతుంది. పౌర్ణమి నాటి దేవదీపావళికి ఘాట్లన్నీ దీపాలే, జనం కూడా విపరీతం. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ రాత్రి వద్దు గానీ, దీపావళి అయిన మూడో నాలుగో రోజుకి చేరుకుంటే ఆకాశదీపాలు చూసి, పౌర్ణమి గుంపు రాకముందే నిద్రలు పూర్తి చేసుకోవచ్చు.

పంచగంగలో త్రైలింగస్వామి మఠం చూడటం మరిచిపోవద్దు. విజయనగరం ప్రాంతంలో పుట్టిన మన తెలుగాయన. రామకృష్ణ పరమహంస ఆయన్ని చూసి కాశీలో నడిచే శివుడన్నారు. 1887లో సమాధి అయ్యారు. బెంగాలీలకి ఆయన పేరు తెలిసినంతగా మనవాళ్లకి తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధే. ఆ ఘాట్ మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి. పెద్దమ్మగారిని పడవలో కూర్చోబెట్టి కింది నుంచే దండం పెట్టించండి.

తొమ్మిది రోజులు ఎక్కువనిపిస్తే కాశీయాత్ర చరిత్ర రాసిన మన ఏనుగుల వీరాస్వామయ్యని తలుచుకోండి. 1830 మేలో చెన్నపట్నం నుంచి పల్లకీల్లో, బోయీలతో, పరివారంతో కాశీకి బయల్దేరి, ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది.

కాకరకాయ మాటంటారా, ఇష్టమైనది వదలాలన్నది పద్ధతి. అమ్మగారికి కాఫీ అలవాటు ఉందా? అడగండి. ఏమంటారో ఇక్కడ రాయండి. వచ్చేటప్పుడు కాలభైరవుడి దగ్గర నల్లతాళ్లు కాస్త ఎక్కువే కొనుక్కోండి, ఇంటికొచ్చాక సమారాధనకి వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. గంగ చెంబులు అక్కడే మూత మాట్లు వేయించి తెచ్చుకోండి, లేకపోతే రైల్లో బట్టలన్నీ తడుస్తాయి.