బ్రిటన్ ప్రధానిని ‘ఇంగ్లండ్ ప్రధాని’ అనడం తప్పా, కాదా?

పత్తికొండ చదువరి:
2022 అక్టోబరులో రిషి సునాక్ పదవి చేపట్టినప్పుడు మన దగ్గర చాలామంది నోట ‘ఇంగ్లండ్ ప్రధాని’ అనే మాటే విన్నాను. అప్పటి నుంచి ఈ విషయం మనసును తొలుస్తూనే ఉంది. ఇంగ్లండ్‌కు ప్రధాని అనే పదవే లేదు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లకు విడివిడిగా చట్టసభలు, ప్రభుత్వాలు ఉన్నాయి. నాలుగింటిలోనూ పెద్దదైన ఇంగ్లండ్‌కు మాత్రం ప్రత్యేకంగా చట్టసభ కూడా లేదు. ప్రధాని ఉన్నది ఆ నాలుగూ కలిసిన యునైటెడ్ కింగ్‌డమ్‌కు.

మా ప్రాంతం సంగతే చూడండి. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, రైత్వారీ విధానాన్ని నిలబెట్టిన థామస్ మన్రో 1827 జులైలో కలరా సోకి మా పత్తికొండలోనే కన్నుమూశాడు. ఆయన పుట్టింది గ్లాస్గోలో, అంటే స్కాట్లాండ్‌లో. మన ఊళ్ల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రల రాతలు, సేకరించిన కాలిన్ మెకంజీ పుట్టిల్లు ఇంకా పైన, లూయిస్ దీవిలోని స్టోర్నోవే. ఇద్దరినీ పిల్లలు పరీక్షల్లో ‘ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆంగ్లేయులు’ అని రాస్తున్నారు. నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. నా దృష్టిలో ఇది దిద్దవలసిన తప్పు. మీ అభిప్రాయం చెప్పండి.

డెస్కు పాతకాపు:
మాస్టారూ, నా ఉద్యోగమంతా పత్రికల డెస్కుల్లోనే గడిచింది కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ‘ఇంగ్లండ్ ప్రధాని’ అని చదివిన పాఠకుడు ఎవరి గురించి రాశారో తెలియక తికమకపడ్డ సందర్భం నేను చూడలేదు. మనం వార్త రాసేది అతనికోసం, గ్లాస్గోలో ఉన్నవారికోసం కాదు. పైగా ఈ అలవాటు మనం కనిపెట్టిందీ కాదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధానికి ముందు నెల్సన్ తన నౌకాదళానికి ఎగరేసిన సంకేతం చాలా ప్రసిద్ధం: ప్రతి ఒక్కరూ తమ విధిని నిర్వర్తిస్తారని ‘ఇంగ్లండ్’ ఆశిస్తోంది. ఆ ఓడల్లో స్కాట్లు, ఐరిష్‌వారు, వెల్ష్‌వారు ఎందరో ఉన్నారు. వాళ్ల సేనానే అలా అన్నప్పుడు మన సబ్ ఎడిటరు చేసిన నేరం ఏమిటి?

కార్డిఫ్ కోడలు:
నెల్సన్ అన్నాడు కాబట్టి సరే అనుకోవడం నాకు అంగీకారం కాదు. పెద్దవాడు చిన్నవాడి పేరు మింగేయడానికి అది సాక్ష్యం, అంతే.

నేను వేల్స్‌లో ఉంటున్నాను. ఇక్కడ మలుపు వస్తే వాహనం నెమ్మదిగా నడపమని రోడ్డు మీదే తెల్లరంగుతో పెద్ద అక్షరాలు ఉంటాయి. ‘స్లో’ అన్న మాటతో పాటు వెల్ష్‌లో ‘అరవ్’ అని కూడా రాస్తారు. స్టేషన్‌లో ప్రకటనలు రెండు భాషల్లో వస్తాయి. ప్రభుత్వ బడిలో చదివే ప్రతి పిల్లవాడూ 16 ఏళ్లు వచ్చేదాకా వెల్ష్ నేర్చుకోవాలి. మా అబ్బాయి ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వెల్ష్ మాట్లాడుతున్నాడు. ఒకసారి ఆఫీసులో భోజన విరామంలో అమ్మ వీడియో కాల్ చేసి, “ఏమ్మా, మీ ఇంగ్లండ్‌లో చలి ఎలా ఉంది?” అని అడిగింది. పక్కన కూర్చున్న పెద్దాయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ ఆ వాక్యంలో ఆ ఒక్క పేరూ ఆయన చెవిన పడింది. కోపగించుకోలేదు. ఫోను పెట్టేశాక, “మీ అమ్మగారికి చెప్పండి, ఇది ఇంగ్లండ్ కాదు” అని మాత్రం అన్నాడు. ఆయన తాతగారి కాలంలో బడిలో వెల్ష్ మాట్లాడితే చిన్నచూపు చూసేవారట. ఈ నేపథ్యం తెలిశాక ‘పాఠకుడికి అర్థమైతే చాలు’ అనే వాదన నాకు మింగుడుపడదు.

నల్లమల వకీలు:
ఇద్దరూ భావోద్వేగంతో మాట్లాడుతున్నారు. జాతీయత అనేది చట్టం తేల్చే విషయం. 1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ప్రకారం అక్కడి పౌరుడు ‘బ్రిటిష్ సిటిజన్’. పాస్‌పోర్టులో జాతీయత అన్నచోట అచ్చయ్యేదీ అదే. స్కాటిష్ పాస్‌పోర్టు, వెల్ష్ పాస్‌పోర్టు అంటూ లేవు. 2014 సెప్టెంబరు 18న స్వాతంత్ర్యం కావాలా అని అడిగితే స్కాట్లాండ్ ఓటర్లలో 55 శాతానికి పైగా వద్దన్నారు. కాబట్టి ‘ఇంగ్లండ్’ తప్పు, ‘బ్రిటిష్’ ఒప్పు. స్కాట్, వెల్ష్ అన్నవి మనకు తెలుగు, తమిళం లాంటివి. ఎవరికి తోచిన పేరు వారు జాతీయతగా చెప్పుకుంటూ పోతే ఆ మాటకు అర్థమే మిగలదు.

బెల్‌ఫాస్ట్ డాక్టరు:
వకీలు గారూ, మీ సూత్రం మా ఊళ్లో, అంటే ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో, మొదటి రోజే తిరగబడుతుంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

గ్రేట్ బ్రిటన్ అంటే ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ ఉన్న దీవి. ఉత్తర ఐర్లాండ్ ఆ దీవి మీద లేదు. 1801లో ఐర్లాండ్ మొత్తాన్ని యునైటెడ్ కింగ్‌డమ్‌లో కలిపారు. 1921లో ఐర్లాండ్ దీవిని విభజించారు. 32 కౌంటీల్లో 26 విడిపోయి స్వతంత్ర రాజ్యమయ్యాయి, ఆరు మాత్రం యునైటెడ్ కింగ్‌డమ్‌లోనే ఉండిపోయాయి. అందుకే దేశం పూర్తి పేరు ‘గ్రేట్ బ్రిటన్, ఉత్తర ఐర్లాండ్‌ల సంయుక్త రాజ్యం’. ‘ఇంగ్లండ్’కు బదులు వాడే ‘బ్రిటన్’ కూడా లెక్కప్రకారం చూస్తే మమ్మల్ని బయటే వదిలేస్తుంది.

ఇక మనుషుల సంగతి. యునైటెడ్ కింగ్‌డమ్‌లోనే ఉండాలనేవారికీ, ఐర్లాండ్‌తో కలవాలనేవారికీ మధ్య 1960ల చివరి నుంచి మూడు దశాబ్దాల పాటు సాగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టినవారు తమను ఐరిష్‌గా గాని, బ్రిటిష్‌గా గాని, రెండూగా గాని గుర్తించుకోవచ్చనీ, ఆ గుర్తింపును బ్రిటిష్, ఐరిష్ ప్రభుత్వాలు రెండూ అంగీకరించాలనీ అందులో రాసుకున్నారు. 2021 జనగణనలో ‘బ్రిటిష్ మాత్రమే’ అన్నవారు 31.9 శాతం, ‘ఐరిష్ మాత్రమే’ అన్నవారు 29.1 శాతం, ‘నార్తర్న్ ఐరిష్ మాత్రమే’ అన్నవారు 19.8 శాతం. ఒకే వీధి, ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు. పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరిలో ఒకరిని బ్రిటిష్ అంటే సంతోషిస్తారు, మరొకరిని అంటే ముఖం తిప్పుకుంటారు. ఇక్కడి రెండో పెద్ద నగరాన్ని కొందరు డెర్రీ అంటారు, కొందరు లండన్‌డెర్రీ అంటారు. ఏ పేరు పలికామన్నదాన్ని బట్టి ఎటువైపు వారమో అంచనా వేసేస్తారు. కొత్తగా వచ్చిన డాక్టర్లకు నేను మొట్టమొదట చెప్పే జాగ్రత్త ఇదే: రోగి నోట ఏ పేరు వస్తే ఆ పేరే వాడండి.

నల్లమల వకీలు:
ఒప్పందం వేరు, చట్టం వేరు. ఈ విషయం మీద ట్రిబ్యునల్ తీర్పే ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టిన ఒకావిడ తాను ఐరిష్ అంటూ అమెరికన్ భర్త నివాసం కోసం దరఖాస్తు చేస్తే, ప్రభుత్వం ఆమెను బ్రిటిష్‌గానే పరిగణించింది. పుట్టుకతోనే బ్రిటిష్ పౌరురాలు అవుతుందని 2019లో ట్రిబ్యునల్ తేల్చింది. నేను అన్నదీ అదే కదా.

బెల్‌ఫాస్ట్ డాక్టరు:
తరువాత జరిగింది కూడా చెప్పాలి. 2020లో ప్రభుత్వమే దిగివచ్చి అలాంటి కుటుంబాల కోసం వలస నిబంధనలను సవరించింది. పౌరసత్వ చట్టం మారలేదు, నిజమే. కానీ తాను కాదంటున్న జాతీయతను పుట్టుకతోనే అంటగట్టి, అక్కర్లేకపోతే రుసుము కట్టి వదులుకో అనడం ఆ ఒప్పందానికి ఎంత దూరమో ఆలోచించండి. మూడు దశాబ్దాల రక్తపాతం ఆగింది ఆ ఒప్పందం వల్ల. పాస్‌పోర్టులోని గడి వల్ల కాదు.

క్రీజు బయట:
మన అయోమయానికి మూలం క్రికెట్టేనని నా నమ్మకం. ఇంగ్లండ్ జట్టును నడిపేది ఇంగ్లండ్ అండ్ వేల్స్ క్రికెట్ బోర్డు. వేల్స్‌కు విడిగా అంతర్జాతీయ జట్టు లేదు. 2001లో సచిన్ మీద చర్య తీసుకుని మన దేశమంతటికీ కోపం తెప్పించిన రిఫరీ మైక్ డెన్నెస్ గుర్తున్నాడు కదా. స్కాట్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌కు కెప్టెన్‌గా ఆడినవాడు. 2019లో ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్పు అందించిన కెప్టెన్ ఇయాన్ మోర్గాన్ డబ్లిన్‌లో పుట్టాడు, మొదట ఐర్లాండ్ తరఫున ఆడాడు. ఇవన్నీ చూసి పెరిగినవారికి గీతలు చెరిగిపోవడంలో వింత లేదు. కానీ 2018 జూన్‌లో ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ 371 పరుగులు చేసి ఇంగ్లండ్‌ను 6 పరుగుల తేడాతో ఓడించినప్పుడు ఆ మైదానంలోని జనాన్ని చూసినవారెవరూ రెండూ ఒకటే అనలేరు.

డెస్కు పాతకాపు:
అందరూ జనగణన లెక్కలు చెబుతున్నారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో కలిపి 2011లో ‘ఇంగ్లీష్ మాత్రమే’ అని నమోదు చేసుకున్నవారు 57.7 శాతం. 2021కి అది 14.9 శాతానికి పడిపోయింది. ‘బ్రిటిష్ మాత్రమే’ అన్నవారు 19.2 నుంచి 54.8 శాతానికి ఎగబాకారు. పదేళ్లలో అక్కడేమీ విప్లవం రాలేదు. ఇంగ్లండ్‌లో ఇచ్చిన ఫారంలో ‘బ్రిటిష్’ గడిని మొదటికి తెచ్చారు. ఈ మార్పులో ఎక్కువ భాగం దానివల్లే అయి ఉంటుందని గణాంక శాఖే చెప్పింది. గడి చోటు మారగానే కోట్లమంది తమ జాతీయత పేరే మార్చుకున్నారు. ఇంత పలుచని మాటకోసం మనం ఇంత మథనపడాలా?

పత్తికొండ చదువరి:
పాతకాపు గారూ, ఇంతవరకు వచ్చిన వాదనల్లో బలమైనది ఇదే. అయితే ఆ లెక్కను ఇంకాస్త దగ్గరగా చూడండి. ఆ పేరు పలుచనైంది ఎక్కడ? ఇంగ్లండ్‌లో. ఇంగ్లీషువారి పేరును ఎవరూ లాక్కోలేదు. వారి పేరే అందరి మీదా పరుచుకుంది. ఇంగ్లీష్ అన్నా బ్రిటిష్ అన్నా వారికి పోయేదేమీ లేదు, అందుకే ఏ గడి ముందుంటే దానిలో టిక్కు పెట్టారు. వేల్స్‌లో ‘వెల్ష్ మాత్రమే’ అన్నవారు 2011లో 57.5 శాతం, 2021లో 55.2 శాతం. స్కాట్లాండ్‌లో ‘స్కాటిష్ మాత్రమే’ అన్నవారు 62.4 నుంచి 2022కి 65.5 శాతానికి పెరిగారు.

డెస్కు పాతకాపు:
వేల్స్ ఫారంలో వెల్ష్, స్కాట్లాండ్ ఫారంలో స్కాటిష్ గడులే మొదట ఉన్నాయి. వాటి చోటు మారలేదు. మార్చి చూస్తే గాని మీ వాదన నిలబడదు.

బెల్‌ఫాస్ట్ డాక్టరు:
ఉత్తర ఐర్లాండ్ ఫారంలో ‘బ్రిటిష్’ గడి మొదట ఉంటుంది. అయినా నూటికి దాదాపు ముప్ఫై మంది దాన్ని దాటి ఐరిష్ గడిలో మాత్రమే టిక్కు పెట్టారు. పేరు కోసం దెబ్బలు తిన్నచోట గడి వరస ఎవరినీ కదిలించదు.

గువాహటి రైలు:
నేను ఉద్యోగరీత్యా చాలాకాలం ఈశాన్యంలో ఉన్నాను. ఈ చర్చలో ఎవరో ఒకరు ‘ఉత్తరాదివాళ్లు మనల్ని మద్రాసీలనేవారు’ అంటారని ఎదురుచూశాను. నిజమే, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ఆ మాట పోలేదు, మన పెద్దలు నొచ్చుకున్నారు. కానీ ఇవాళ హైదరాబాదులో అరుణాచల్ నుంచి వచ్చిన విద్యార్థిని మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ‘మీది నేపాలా, చైనానా?’ 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ యువకుడు ఒకరు దాడికి గురై చనిపోయాక ఈశాన్యంవారి సమస్యలు పరిశీలించడానికి కేంద్రం బెజ్‌బరూవా కమిటీని వేయవలసివచ్చింది. అరుణాచల్ తనదేనని చైనా అంటుంది. అందుకే అక్కడివారికి పాస్‌పోర్టు మీద ముద్ర వేయకుండా విడి కాగితం పిన్ను చేసి వీసా ఇస్తుంది. 2023లో చెంగ్డూలో విశ్వవిద్యాలయ క్రీడలకు ముగ్గురు అరుణాచల్ వుషు (చైనా యుద్ధక్రీడ) క్రీడాకారిణులకు అలాగే ఇస్తే, భారత్ ఆ జట్టు మొత్తాన్నీ పంపకుండా ఆపేసింది. మేం భారతీయులం అని చెప్పుకోవడానికి అవకాశాన్నే వదులుకున్న పిల్లలు వాళ్లు. అలాంటివారిని సొంత దేశంలో బస్సులో పక్కన కూర్చున్నవాడు ‘చైనానా?’ అని అడిగితే, అర్థమైతే చాలు అనగలమా? స్కాట్లాండ్ దూరం. ఇది మన గుమ్మంలోనే ఉంది.

కార్డిఫ్ కోడలు:
నాకు మాట రాలేదు. మా అబ్బాయిని కూడా ఇక్కడ ‘అసలు నువ్వెక్కడివాడివి?’ అని అడుగుతుంటారు. కార్డిఫ్ అంటే నమ్మరు. వాడు తనను తాను వెల్ష్ అనుకుంటున్నాడు, తెలుగువాణ్ననీ అనుకుంటున్నాడు. రెండూ నిజాలే.

డెస్కు పాతకాపు:
గువాహటి వారి మాట తీసివేయలేనిది. నా వృత్తి పరంగా ఇంతవరకు ఒప్పుకుంటాను: ప్రధాని, పార్లమెంటు, వీసా, ప్రభుత్వం అన్నచోట ‘బ్రిటన్’ లేదా ‘యూకే’ అని రాయాలి. శీర్షికలో అక్షరాలు తక్కువే పడతాయి కూడా. ‘ఇంగ్లండ్’ క్రికెట్ పేజీకి, ఆ ప్రాంతానికి పరిమితం. కానీ చరిత్ర సంగతి ఏం చేస్తారు? ‘ఇంగ్లీషు తూర్పు ఇండియా కంపెనీ’ అని మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అదీ కొట్టేస్తారా?

పత్తికొండ చదువరి:
కొట్టేయను. 1600లో పుట్టిన ఆ కంపెనీ ఇంగ్లీషు కంపెనీయే. 1611లో మచిలీపట్నంలో దిగి వర్తక స్థావరం పెట్టుకున్నవారిని ఇంగ్లీషువారు అనడం అక్షరాలా సరైనది, అప్పటికి స్కాట్లాండ్ వేరే రాజ్యం, ఒకే రాజు ఉన్నా సరే. 1707 మే 1న రెండు రాజ్యాలూ కలిశాకే ‘బ్రిటిష్’ మొదలవుతుంది. పిల్లలకు ఈ ఒక్క తేదీ చెబితే ఏ కాలానికి ఏ పేరు రాయాలో వాళ్లే తేల్చుకుంటారు. డాక్టరు గారు చెప్పింది విన్నాక, ఉత్తర ఐర్లాండ్‌ను పటంలో వేరే రంగుతో గీయించి, అక్కడివారు తమను మూడు విధాలుగా పిలుచుకుంటారని కూడా రాయిస్తాను. మన్రో గురించి ‘స్కాట్లాండ్‌లో పుట్టిన బ్రిటిష్ అధికారి’ అని రాసినవారికి పూర్తి మార్కులు. ‘ఇంగ్లండ్ నుంచి వచ్చాడు’ అని రాస్తే ఈ ఏడాది నుంచి అర మార్కు తగ్గిస్తాను.